నిపుణుని అనుభవం నుండి సూత్రం వరకు

కంప్యూటరుకు వైద్యం నేర్పే యత్నం నిన్నటిది కాదు. 1970ల ఆరంభంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ రక్తంలోని బ్యాక్టీరియా వ్యాధుల కోసం ‘మైసిన్’ను నిర్మించారు. నిపుణుల ముందు కేసులు ఉంచి, ‘ఈ క్రిమినే ఎందుకు శంకించారు?’ అని అడిగి, జవాబులను ‘ఇట్లుంటే అట్లు’ అనే సుమారు 500 సూత్రాలుగా కూర్చారు. కష్టమంతా ఆ అడగడంలోనే ఉన్నది. నిపుణునికి తెలుసు, ఎట్లా తెలిసిందో చెప్పలేడు. ఈ చిక్కును లోకానికి స్పష్టం చేసిన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో 1994 ట్యూరింగ్ పురస్కారాన్ని పంచుకున్నది చిత్తూరు జిల్లాలో పుట్టిన మన రాజ్ రెడ్డి గారే.

మైసిన్ పరీక్షలో స్టాన్‌ఫర్డ్ అధ్యాపకులకు దీటుగా నిలిచింది. అయినా తప్పు జరిగితే బాధ్యులెవరన్న ప్రశ్న వంటి కారణాల వల్ల వార్డులో అడుగుపెట్టలేదు.

మొన్న హసన్‌పర్తిలో నేనూ కాగితం తీసి, గుమ్మంలో రోగి నడక చూసి జబ్బును పోల్చే తీరును సూత్రాలుగా వ్రాయబోయాను. మూడవదాని వద్ద కలం ఆగింది.