పైకి పారిపోయే పీత

అమెరికా తూర్పు తీరంలో, వర్జీనియా రాష్ట్రంలో, యోకామికో అనే చిన్న ఏరు పోటోమాక్ నదిలో కలుస్తుంది. ఆ ఏటి ఒడ్డున హ్యారీహోగన్ అనే పల్లె ఉంది. చెసపీక్ అఖాతంలోనూ, అందులో పడే ఉప్పుటేళ్లలోనూ ఇవాళ నీళ్లలోకి దిగే పీతల బోన్లకు పుట్టిల్లు ఆ పల్లే. అక్కడి బెంజమిన్ ఎఫ్. లూయిస్ 1920ల్లో కోళ్ల దొడ్లకు కట్టే ఇనుప తీగ జాలీతో ఒక బోను తయారుచేశాడు. 1928లో దానికి పేటెంట్ వచ్చింది. అంతటితో ఆగి ఉంటే ఆ బోనును ఈపాటికి అందరూ మరిచిపోయేవారేమో. ఆయన మాత్రం మరో పదేళ్లు దాన్నే పట్టుకుని, 1938 నాటికి ఇప్పుడున్న రూపానికి తెచ్చాడు.

ఆ పదేళ్లలో ఆయన సరిచేసింది జాలీని కాదు, పీత గురించిన తన అవగాహనని.

అక్కడి పీత మన మండపీతంత బరువుండదు. ఆలివ్ రంగు డిప్ప, నీలం డెక్కలు, తెడ్లలా చదునుగా ఉండే వెనక కాళ్లు. అది పాకడమే కాదు, ఆ తెడ్లతో చక్కగా ఈదుతుంది కూడా. 1896లో మేరీ రాత్‌బన్ అనే శాస్త్రవేత్త దానికి కాలినెక్టిస్ సాపిడస్ అని పేరు పెట్టింది. రుచికరమైన అందాల ఈతగత్తె అని ఆ మాటలకు అర్థం. శాస్త్రనామాల్లో ఇంత మురిపెంగా పెట్టినవి అరుదు.

తెల్లవాళ్లు రాకముందు ఆ నదుల ఒడ్డున బతికిన ఆదివాసులు పీతల్ని అంతగా తినేవారు కాదని చాలాకాలం అనుకున్నారు. వాళ్ల పెంటకుప్పల్లో ఆల్చిప్పలు గుట్టలుగా దొరికేవి గానీ పీత డిప్పల జాడ ఉండేది కాదు. పల్చటి డిప్ప మట్టిలో తొందరగా కరిగిపోతుందన్న సంగతి ఆలోచనకు రాలేదు. తర్వాత జాగ్రత్తగా జల్లెడ పడితే డెక్కల కొసలు, గట్టి ముక్కలు బయటపడ్డాయి. మూడు వేల ఏళ్లకు పైబడి అక్కడివాళ్లు పీతల్ని తింటూనే ఉన్నారని తేలింది.

తినడం పాతదే అయినా అమ్మకం కొత్తది. నీళ్లలోంచి తీసిన పీత ఎండలో ఎక్కువసేపు నిలవదు, చచ్చిన పీతను ఎవరూ కొనరు. 1866లో మేరీలాండ్‌లోని క్రిస్‌ఫీల్డ్‌కి రైలు వచ్చింది. రైలుతోపాటు ఐసు కలిసొచ్చాక, ఉప్పుటేటి పీతలు దూరపు నగరాలకు వెళ్లాయి. ఆ నీళ్లమీద బతికేవాళ్లను అక్కడ వాటర్‌మెన్ అంటారు. వాళ్లకు పీత అప్పటినుంచి పంట అయింది.

బోను రాకముందు వాళ్లు పట్టిన తీరు చూడాలంటే ట్రాట్‌లైన్ దగ్గరికి పోవాలి. వందల గజాలు, ఒక్కోసారి అరమైలు పైగా సాగే తాడు అది. గేలాలుండవు. కొన్ని అడుగులకొకటి చొప్పున ఉప్పులో ఊరేసిన మలుగు ముక్కలు కట్టి, రెండు చివర్లా బరువులూ బెండ్లూ వేసి ఏటి అడుగున పరుస్తారు. తెల్లవారకముందే పడవని తాడు పొడవునా మెల్లగా నడుపుతారు. పడవ పక్కనున్న రాటం మీదుగా తాడు పైకి లేస్తుంటే, తిండి వదలని పీత ముక్కని కరుచుకుని దానితోపాటే వస్తుంది. వెలుతురు తగిలేసరికి వదిలేస్తుంది. అది వదలబోయే క్షణానికి ముందే, నీటిమట్టానికి ఒక జానెడు కింద, చేతి వల దాని కింద ఉండాలి. ఒక రెప్పపాటు ఆలస్యమైతే నీళ్లలో నీలం చార మాత్రమే మిగులుతుంది. కన్ను, చెయ్యి, పడవ వేగం ముగ్గురన్నదమ్ముల్లా కలిసి నడిస్తేనే బుట్ట నిండుతుంది. ప్రతి పీతకీ ఎదురుగా ఒక మనిషి ఉండే వేట అది. గాలి లేచినా, నీళ్లు చల్లబడినా ఆ పూటకి లేదు.

ఆ మనిషి అవసరాన్నే లూయిస్ తీసేశాడు. సన్నటి వాకిలిలోంచి లోపలికి దారి, బయటికి దారి తోచదు: ఈ కిటుకు ప్రపంచమంతా తెలిసిందే. మన కొల్లేటిలో చేపలకు పెట్టే మావుల్లో ఉన్నదీ అదే. చేప దానికి లొంగుతుంది. పీత మొండిది, జాలీ పట్టుకుని మూలమూలా తడుముతుంది, వచ్చిన గరాటులోంచే తిరిగి పోతుంది. అయితే దానికి ఒక అలవాటుంది. భయపడినా, తిండి అయిపోయి వెళ్లిపోదామనుకున్నా, పైకి ఈదుతుంది. లూయిస్ బోను నిలబడిందే ఆ అలవాటు మీద.

సుమారు రెండడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న జాలీ పెట్టె. కింది అంతస్తు మధ్యలో చిన్న గొట్టం, అందులో ఎర. పక్కల్లోంచి లోపలికి గరాటులు. అంతస్తుల మధ్య వంపు తిరిగిన జాలీ కప్పు, దాని నడినెత్తిన సన్నటి చీలికలు. పీత వాసన పట్టుకుని గరాటులోంచి దూరి ఎర చుట్టూ తిరుగుతుంది. గొట్టం చిల్లుల్లోంచి అందినంత గీరుకుని తింటుంది. ఇక పోదామని పైకి లేస్తుంది. వంపు దాన్ని చీలికల దాకా చేరుస్తుంది. చీలిక దాటితే పై అంతస్తు. అక్కడినుంచి బయటపడాలంటే కిందికి దిగాలి. భయపడిన పీతకి ఆ ఆలోచన రాదు. జంతువు పారిపోయే దారినే ఉచ్చుగా మలచడంలో ఉన్న తెలివికి చేతులెత్తి దండం పెట్టాలి.

ఎరకి కూడా దూరం పోనక్కర్లేదు. హ్యారీహోగన్ ఉన్న నార్తంబర్లాండ్ కౌంటీలోనే రీడ్‌విల్ ఉంది. మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన ఎలైజా రీడ్ 1874లో అక్కడ మెన్‌హేడెన్ చేపల వ్యాపారం మొదలుపెట్టాడు. మన కవళ్లకు దగ్గరి చుట్టం ఆ చేప. ఒళ్లంతా నూనె. ఆ నూనె వాసన ఆటుపోట్ల వెంట ఏరంతా పాకుతుంది.

ఎరే వెయ్యని బోను కూడా ఒకటుంది, తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది. డిప్ప విడవబోయే ఆడపీతలకు మెత్తపీతల బజారులో మంచి ధర. పెద్దయ్యేముందు చివరిసారి డిప్ప విడిచేవేళే అవి జతకడతాయి. అందుకని వసంతం చివర్లో బోనులో ఒక మగపీతని ప్రాణంతో ఉంచుతారు. ఆడపీతలు దానికోసం వెతుక్కుంటూ వచ్చి దూరతాయి. ఏటిలో స్వేచ్ఛగా ఉంటే, మగపీత ఆమెను తన కింద పొదివి పట్టుకుని, డిప్ప విడిచి మెత్తగా ఉన్నంతకాలం కాపాడుకుంటుంది.

పట్టే పీతలు పెరిగాక వాటిని వలిచే చేతులూ కావాలి. అప్పట్లో ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే, అందులోనూ చాలావరకు నల్లజాతి స్త్రీలది. లూయిస్ బోను తుదిరూపం పొందిన 1938లోనే క్రిస్‌ఫీల్డ్‌లో ఆ స్త్రీలు కూలీ కోతను ఒప్పుకోబోమని వారాల తరబడి సమ్మె చేశారు. బోను చరిత్ర చెప్పేటప్పుడు వాళ్ల పేరెత్తకపోతే కథ సగమే.

మనిషి నిద్రపోతున్నా పనిచేసే బోను అందరికీ నచ్చలేదు. ఏరు మొత్తం ఊడ్చేస్తుందన్న భయం మొదటినుంచీ ఉంది. మేరీలాండ్ 1940ల్లో అఖాతపు నడి నీళ్లలో అనుమతించింది గానీ, నదుల్లోకి మాత్రం రానివ్వలేదు. ఇవాళ్టికీ అక్కడి నదుల్లో వృత్తిగా పట్టేవాళ్లకు ఎక్కువగా ట్రాట్‌లైనే దిక్కు. ఏటి ఒడ్డున సొంత రేవున్న ఇంటివాళ్లు రెండు బోన్లు వేసుకోవచ్చు, అంతే. అదీ గరాటు మూతిలో తాబేళ్లు దూరకుండా అడ్డుకమ్మీ బిగించాకే. ఊపిరికోసం పైకి రావలసిన తాబేలు బోనులో చిక్కితే మునిగి చస్తుంది. వర్జీనియా తన నదుల్లో బోన్లను ఒప్పుకుంది. ఈ రెండిటి మధ్యనున్న పోటోమాక్ అయితే మరీ విచిత్రం. 1632 నాటి రాజపత్రం వల్ల వర్జీనియా ఒడ్డు దాకా నది మేరీలాండ్‌దే. ఆల్చిప్పల కోసం ఆ నీళ్లమీద తుపాకులు పేలాయి. ఆ తగవు తీర్చడానికి 1958లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం రాసుకుని నది చేపల వేటను ఉమ్మడి కమిషన్ చేతిలో పెట్టాయి.

2008 నాటికి పీతలు బాగా తగ్గాయి. వర్జీనియా శీతాకాలంలో బురద గీరి పీతలు తీసే పద్ధతిని ఆపేసింది. ఆ పనిమీద బతికేవాళ్లు ఖాళీ అయ్యారు. వాళ్లకే కూలీ ఇచ్చి, ఆ చలికాలం నుంచి వరుసగా ఆరేళ్లు, తాడు తెగి అడుగున మిగిలిపోయిన బోన్లను వెతికించారు. పడవలో సోనార్ తెర. దానిమీద బూడిదరంగు బురద, బురదలో నాలుగు పలకల నీడ. కొక్కెం వేసి లాగితే బోను. అలా ముప్పై వేలకు పైగా తీశారు. యజమాని లేకపోయినా అవి వేట మానలేదు. ఎర ఎప్పుడో అయిపోయినా, లోపల చచ్చిన జీవమే తర్వాత వచ్చేవాటికి ఎర అవుతుంది. పీతలతోపాటు చేపలు, తాబేళ్లు కూడా వాటిలో దొరికాయి.

చిన్నపీతలు తప్పించుకోవడానికి బోనుకి గుండ్రటి కడియాలు బిగించాలన్న నియమం ఉంది. వర్జీనియా సముద్రశాస్త్ర సంస్థ పరిశోధకులు ఆ కడియం చుట్టూ జాలీకి బదులు, నీళ్లలో నెమ్మదిగా శిథిలమైపోయే పలక పెట్టి చూశారు. తాడు తెగి బోను పోయినా, కొన్నాళ్లకు ఆ పలక పోయి కిటికీ తెరుచుకుంటుంది. ఆ కడియాలు ఉండేది పై అంతస్తులో, పీత పారిపోయి చేరే చోట.