మొబైల్ సాంకేతికత – కళాశాల విద్యార్థుల మానసిక ఆరోగ్యం

కళాశాల విద్యార్థుల్లో కుంగుబాటు, ఆందోళన, నిద్రలేమి వంటి సమస్యలను తొలిదశలోనే గుర్తించడానికి, స్వయంసహాయ పద్ధతులను నేర్పడానికి, అవసరమైనవారిని కౌన్సెలర్ వద్దకో మనోవైద్యుని వద్దకో చేర్చడానికి స్మార్ట్‌ఫోన్‌ను సాధనంగా వాడే విధానాలన్నీ ఈ అంశం పరిధిలోకి వస్తాయి. మనోవైద్యం, క్లినికల్ సైకాలజీ, కంప్యూటర్ శాస్త్రం కలిసి పెంచిన ఈ రంగంలో ప్రధానంగా నాలుగు మార్గాలు కనిపిస్తాయి: ప్రశ్నావళులు, ఫోన్ సెన్సర్ల ద్వారా పరిశీలన, స్వయంసహాయ యాప్‌లు, టెలిఫోన్ సేవలు.

నేపథ్యం

మానసిక రుగ్మతల్లో అధికభాగం పాతికేళ్లలోపే మొదలవుతాయి కనుక, ఇల్లు విడిచి హాస్టల్‌లో చేరి, పరీక్షలు, ఫీజులు, ఉద్యోగ ఎంపికల ఒత్తిడిని ఒక్కసారిగా ఎదుర్కొనే కళాశాల దశ ఈ విషయంలో కీలకమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 8 దేశాల్లోని 19 కళాశాలల్లో సుమారు 14 వేల మంది మొదటి సంవత్సరం విద్యార్థులపై జరిగి 2018లో ప్రచురితమైన సర్వేలో, దాదాపు 35 శాతం మందిలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కనీసం ఒక రుగ్మత లక్షణాలు ఉన్నట్లు తేలింది. కౌన్సెలర్లు కొద్దిమందే ఉండటం, ఉన్నచోట కూడా నలుగురికీ తెలిస్తే పిచ్చి అనే ముద్ర పడుతుందన్న భయం వెంటాడటం వల్ల, ఎవరి కంటా పడకుండా సహాయం కోరే వీలున్న ఫోన్ వైపు పరిశోధకుల దృష్టి మళ్లింది.

ప్రశ్నావళులు

యాప్‌లలో విస్తృతంగా వాడే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9. గడచిన రెండు వారాల్లో ఉత్సాహం, నిద్ర, ఆకలి, ఏకాగ్రత ఎలా ఉన్నాయో అడిగే ఇందులోని తొమ్మిది ప్రశ్నలకు 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, మొత్తం 27కు లెక్కిస్తారు. 10 లేదా అంతకు మించి వస్తే నిపుణుల పరీక్ష అవసరమని భావిస్తారు. ఇది వడపోత సాధనమే తప్ప రోగనిర్ధారణ కాదు. చనిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వస్తున్నాయా అని అడిగేది తొమ్మిదవ ప్రశ్న. ఆసుపత్రిలో ఈ ప్రశ్నకు ఔనన్న జవాబు వచ్చేటప్పటికి వైద్యుడు ఎదురుగానే ఉంటాడు. అర్ధరాత్రి హాస్టల్ గదిలో ఫోన్ తెరపై అదే జవాబు నమోదైతే దానిని ఎవరు, ఎంతసేపట్లో చూస్తారన్నది యాప్‌ను రూపొందించేవారు ముందే తేల్చుకోవలసిన విషయం.

రెండు వారాల సంగతులను జ్ఞాపకం నుంచి చెప్పేటప్పుడు పొరపాట్లు దొర్లుతాయి కాబట్టి, రోజులో అనేకసార్లు చిన్న ప్రశ్న పంపి అప్పటి మనఃస్థితిని అప్పుడే నమోదు చేసే తక్షణ పరిశీలన పద్ధతి కూడా వాడుకలో ఉంది.

సెన్సర్ల ద్వారా పరిశీలన

విద్యార్థి ఏమీ నింపనవసరం లేకుండా ఫోన్ తనంతట తానే సేకరించే వివరాల నుంచి ప్రవర్తనను అంచనా వేయడాన్ని డిజిటల్ ఫీనోటైపింగ్ అంటారు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఆండ్రూ క్యాంప్‌బెల్ బృందం 2013లో నిర్వహించిన ‘స్టూడెంట్‌లైఫ్’ అధ్యయనం ఈ దిశలో తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది. 48 మంది విద్యార్థుల ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి 10 వారాల పాటు నడక, ఉన్న చోటు, వెలుతురు, ఫోన్ తెరిచి మూసిన వేళల వివరాలు సేకరించి, వాటి ఆధారంగా నిద్ర సమయాన్ని అంచనా వేశారు. మైక్రోఫోన్ ద్వారా సంభాషణ జరుగుతున్నదా లేదా అన్నదే గుర్తించారు తప్ప మాటలను భద్రపరచలేదు. టర్ము ఆరంభంలో ఉల్లాసంగా, నలుగురితో కలివిడిగా ఉన్న విద్యార్థుల్లో చదువు భారం పెరిగేకొద్దీ ఒత్తిడి పెరిగి, నిద్ర, సంభాషణ, కదలిక తగ్గడం ఈ వివరాల్లో కనిపించింది. అయితే పాల్గొన్నవారంతా ఒకే ప్రోగ్రామింగ్ తరగతికి చెందినవారు కనుక, ఈ ఫలితాలను అందరికీ వర్తింపజేయడం సాధ్యం కాదు. తర్వాత అదే కళాశాలలో 200 మందికి పైగా విద్యార్థులను నాలుగేళ్ల పాటు, కోవిడ్ కాలంతో సహా పరిశీలించారు.

స్వయంసహాయ యాప్‌లు

ఆలోచనల్లోని వక్రతను గుర్తించి సరిదిద్దుకోవడం ద్వారా భావోద్వేగాలను, ప్రవర్తనను మార్చుకునే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఈ యాప్‌లలో చాలావాటికి ఆధారం. ఈ పద్ధతిని సంభాషణ రూపంలో నేర్పిన ‘వోబాట్’ అనే చాట్‌బాట్‌పై 18–28 ఏళ్ల మధ్య వయసు గల 70 మందితో జరిగిన పరీక్ష 2017లో వెలువడింది. రెండు వారాల్లో, కేవలం ఈ-పుస్తకం చదివినవారితో పోలిస్తే చాట్‌బాట్ వాడినవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా తగ్గగా, ఆందోళన రెండు బృందాల్లోనూ తగ్గింది. ఇదే కోవకు చెందిన ‘వైసా’ బెంగళూరులో రూపొందింది.

వీటి ప్రధాన లోపం వాడకం నిలవకపోవడం. 93 మానసిక ఆరోగ్య యాప్‌ల వాస్తవ వినియోగాన్ని పరిశీలించిన 2019 నాటి విశ్లేషణ ప్రకారం, ఇన్‌స్టాల్ చేసుకున్నవారిలో 15 రోజుల తర్వాత కూడా యాప్ తెరిచేవారి మధ్యస్థ శాతం నాలుగుకు మించలేదు. కౌన్సెలరో శిక్షణ పొందిన సహాయకుడో అప్పుడప్పుడు పలకరించే ఏర్పాటు ఉన్నచోట వాడకమూ ప్రయోజనమూ సాధారణంగా మెరుగ్గా ఉంటాయి.

భారతదేశంలో

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన ‘టెలి మానస్’ హెల్ప్‌లైన్ 14416 నంబరు ద్వారా రోజంతా ఉచితంగా, తెలుగుతో సహా పలు భాషల్లో సేవలందిస్తుంది. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడి, అవసరమైతే నిపుణులకు అప్పగిస్తారు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు జారీ చేస్తూ, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలని, టెలి మానస్ వంటి హెల్ప్‌లైన్ల నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో స్పష్టంగా కనిపించేలా ప్రదర్శించాలని ఆదేశించింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కళాశాల అన్నప్పుడు ఇంటర్మీడియట్ కూడా అందులో భాగమే కావడంతో ఒక చిక్కు ఏర్పడుతున్నది. ఒత్తిడి తీవ్రంగా ఉండే రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో విద్యార్థులను సాధారణంగా ఫోన్లు ఉంచుకోనివ్వరు; అందువల్ల యాప్‌ల ప్రయోజనం డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులకు అందినంతగా వీరికి అందదు. గోడమీది నంబరుకు కాల్ చేసుకునేందుకు వార్డెన్ గదికి బయట ఒక ఫోన్ ఉండటమే వీరికి సాంకేతికత.

గోప్యత, చట్టం

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని బాలలుగా పరిగణించి, వారి డేటా సేకరణకు తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతిని తప్పనిసరి చేసింది. మినహాయింపులకు లోబడి, వారి ప్రవర్తనపై నిఘాను నిషేధించింది. ఇంటర్ విద్యార్థుల్లో అత్యధికులు ఈ వయసులోపు వారే కనుక సెన్సర్ల పరిశీలనకు ఈ నిబంధనలు నేరుగా అడ్డువస్తాయి. వినియోగదారుల ఆరోగ్య వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్ తదితర సంస్థలతో పంచుకున్నదన్న ఆరోపణపై ‘బెటర్‌హెల్ప్’ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 78 లక్షల డాలర్ల చెల్లింపునకు ఒప్పందం చేసుకున్నది. వివరాలు యాజమాన్యానికో తల్లిదండ్రులకో చేరతాయన్న అనుమానం కలిగితే విద్యార్థి నిజం రాయడు కనుక, సేకరించిన డేటాను ఎవరు చూస్తారో ముందే చెప్పడం నైతిక బాధ్యతే కాక, ఫలితాల విశ్వసనీయతకూ ఆధారం.

మొత్తంమీద, ఫోన్ కష్టాన్ని త్వరగా పసిగట్టగలదే తప్ప దానికి స్పందించే బాధ్యతను మోయలేదు. అందుచేత ఒక కళాశాల యాప్‌ను ప్రవేశపెట్టేటప్పుడు, అది పంపే హెచ్చరికను అందుకునే వ్యక్తి పేరు, పనివేళలు, సెలవురోజుల్లో ప్రత్యామ్నాయం, సమీప ఆసుపత్రితో అనుసంధానం మొదట ఖరారు చేసి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం సరైన క్రమం.