నకారపొల్లు: యూనికోడ్ ప్రవేశం, లినక్స్ ప్యాకేజీల కాలవ్యవధి – ఒక పరిశీలన

పాత తెలుగు ముద్రణలను పరిశీలించేవారికి నకారపొల్లు కొత్తది కాదు. పదాంతంలోని పొల్లు నకారాన్ని ‘న్’ అని కాక ‘ౝ’ అనే ప్రత్యేక రూపంలో అచ్చువేసిన పుస్తకాలు మనకు లభిస్తున్నాయి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ద్రుతంగా నిర్వచించిన నకారాన్ని పద్యాల్లో ఈ రూపంతో చూస్తాం. అయితే కంప్యూటరులో ఈ అక్షరానికి చాలాకాలం స్థానం లేదు. 2021 సెప్టెంబరు 14న వెలువడిన యూనికోడ్ 14.0 ప్రమాణంలోనే అది చేరింది. కన్నడ నకారపొల్లు చేరినదీ అందులోనే. తాండూరు దాటితే కన్నడ సీమ. రెండు లిపులనూ రోజూ చూసే వికారాబాద్ జిల్లా పాఠకునికి ఈ జంట ప్రవేశం ఆశ్చర్యం కలిగించదు.

చిక్కంతా ఆ తేదీలో ఉంది. డెబియన్ 11 విడుదలైనది 2021 ఆగస్టు 14న, అంటే సరిగ్గా నెల ముందు. డెబియన్ స్థిర విడుదలలో ప్యాకేజీల సంచికలు కొన్ని నెలల ముందే ఖరారవుతాయి. ఆ తరువాత భద్రతా లోపాలకు, తీవ్రమైన దోషాలకు సవరణలు వస్తాయే తప్ప, సాధారణంగా కొత్త సంచికలు రావు. అందువల్ల అక్షరాల కూర్పును నిర్వహించే హార్ఫ్‌బజ్ అందులో 2.7.4 వద్ద నిలిచింది, యూనికోడ్ 14.0 పరిజ్ఞానం 3.0.0తో గాని రాలేదు. అందులోని పైథాన్ 3.9కు తెలిసినది యూనికోడ్ 13.0 మాత్రమే. నకారపొల్లు ఏ వర్గానికి చెందినదని దానిని అడిగితే, అక్షరమని చెప్పదు, కేటాయింపు జరగని స్థానమని చెబుతుంది. యూనికోడ్ 14.0 తెలిసిన పైథాన్ 3.11 డెబియన్‌లోకి వచ్చింది 2023 జూన్ 10న, 12వ విడుదలతో. ఈ ఇరవైయొక్క నెలలూ, పాత యంత్రాలను మార్చని చోట ఆపైన కూడా, ఆప్ట్‌తో ఎన్నిసార్లు నవీకరించినా ఫలితం ఒకటే.

తాండూరు వైపు ఒక కళాశాల ప్రయోగశాలలో ఈ వ్యాసకర్తకు తెరమీద అక్షరం బదులు గడి కనిపించినప్పుడు, తప్పు కీబోర్డుదనే అనుకోవడం జరిగింది. తప్పు ఫాంటుది. డెబియన్ అందించే తెలుగు ఫాంట్ల అదనపు ప్యాకేజీలో ఉన్నవి పోతన2000, వేమన2000. పేర్లలోనే వాటి కాలం ఉంది. అప్పటికి లేని సంకేతానికి వాటిలో రూపం వెతకడం అన్యాయం. ఫాంటు వరకు పరిష్కారం తేలిక. ఆ అక్షరమున్న కొత్త ఫాంటును వాడుకరి తన సొంత ఫాంట్ల ఫోల్డరులో ఉంచుకొంటే చాలు, నిర్వాహకుని అనుమతి కూడా అక్కరలేదు.

దాని కింది పొరలు అంత తేలిక కావు. పదసూచికలు తయారుచేసే పరిశోధకునికి పైథాన్ కొత్త సంచిక తప్పనిసరి. మూలం నుండి నిర్మించుకోవచ్చు గాని, వ్యవస్థలోని పైథాన్ స్థానంలో దానిని పెట్టరాదు. పాత సంచికను నమ్ముకొన్న ఇతర సాధనాలు పనిచేయకుండా పోగలవు. రెండూ పక్కపక్కన ఉండేలా ‘ఆల్ట్‌ఇన్‌స్టాల్’ అనే ఏర్పాటు ఇందుకే ఉంది. హార్ఫ్‌బజ్‌పై ఆధారపడే ప్యాకేజీలు ఇంకా ఎక్కువ, కాబట్టి దానిని విడిగా మార్చడం మరింత ప్రమాదం. కావలసిన గ్రంథాలయాలను తనతోపాటే తెచ్చుకొనే ఫ్లాట్‌పాక్ రూపంలో లిబ్రెఆఫీస్‌ను స్థాపించుకోవడం ఇక్కడ మేలు. డెబియన్ బ్యాక్‌పోర్ట్స్‌ను మొదట చూడాలన్నది మంచి సలహాయే. అయితే అన్ని ప్యాకేజీలూ అక్కడికి రావు.

ఇదంతా సాంకేతిక నిపుణుల పని అని వదిలేయడం పరిష్కరణకర్తకు కుదరదు. ఒక ముద్రణ ఎక్కడ ‘న్’ వాడింది, ఎక్కడ ‘ౝ’ వాడింది అన్నది ఆ ముద్రణాలయపు అలవాటుకు, ఒక్కోసారి మూలప్రతి లేఖనపద్ధతికి సాక్ష్యం. తెర మీద గడి కనబడుతోందని ‘న్’ టైపుచేసి ముందుకు సాగితే ఆ సాక్ష్యం అక్కడితో పోతుంది. 2021కి ముందు టైపు చేసిన పాఠాల్లో గత్యంతరం లేక జరిగినదీ ఇదే. వాటిని ఇప్పుడు సరిదిద్దగల ప్రోగ్రాము ఏదీ లేదు, ఎందుకంటే ఏ ‘న్’ మూలంలో పొల్లుగా ఉండేదో పాఠంలో గుర్తు మిగలలేదు. ఆ పుస్తకాలను తెరిచి పుట పుటా పోల్చుకోవలసిందే.