పారేసినందుకే పెరిగిన ధర

1938లో అమెరికా పత్రికల దుకాణాల్లో పది సెంట్లకు అమ్మిన పుస్తకం ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక. సూపర్‌మన్ లోకానికి తొలిసారి కనిపించింది అందులోనే. దాని ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో హెరిటేజ్ సంస్థ వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఇలాంటి ధరలు నిలుస్తాయా అన్నది అక్కడి సేకరణదారుల మధ్య ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్న. చిన్నప్పుడు ఈ పుస్తకాలు చదివిన తరం వెళ్లిపోతోంది, వాళ్లతోపాటే గిరాకీ పోతుంది అని కొందరంటారు. పాత సంచికలు మళ్లీ పుట్టవు, డబ్బున్న కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు, కాబట్టి ధర పెరగడమే తప్ప తగ్గడం ఉండదని మరికొందరి ధీమా. రెండు మాటల్లోనూ పస ఉంది. రెండూ తప్పటడుగు వేసేది ఒకేచోట: పాత కామిక్స్ అన్నీ ఒకే రాశి అనుకోవడం దగ్గర. ఎనభై ఏళ్లు దాటిన ఈ చరిత్రను దగ్గర పెట్టుకుని చూస్తే నాకు అర్థమయ్యేది వేరు. ఈ పుస్తకాలకు ధర తెచ్చినవాళ్లు దాచినవాళ్లు కారు, పారేసినవాళ్లు. అందరూ దాచినదానికి రేపు కొనేవాడు దొరకడం కష్టం.

ఆ కాలపు కామిక్ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నట్టు ఊహించండి. పలచటి న్యూస్‌ప్రింటు, కాస్త మెరిసే అట్ట, వెన్ను మీద రెండు పిన్నులు. చెక్క గుజ్జుతో చేసిన ఆ కాగితంలోనే ఆమ్లం ఉంటుంది. వెలుతురు, వేడి తగిలేకొద్దీ పసుపు తిరిగి, గోధుమరంగుకు మారి, అంచులు పొడిపొడిగా రాలిపోతాయి. తేమ తగిలితే పిన్నులు తుప్పుపట్టి చుట్టూ ఉన్న కాగితాన్ని తినేస్తాయి. దాన్ని తయారుచేసినవాళ్లు ఒక నెల బతికితే చాలనుకున్నారు. పిల్లలు చదివి, మడిచి జేబులో కుక్కుకుని, చేతులు మార్చుకుని, చివరికి చెత్తలో వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితం ఇమ్మని ప్రభుత్వం అడిగితే కట్టలు కట్టి దేశం కోసం ఇచ్చేశారు. యుద్ధం ముగిశాక పిల్లలు చెడిపోవడానికి కామిక్సే కారణమన్న ప్రచారం లేచింది. కొన్ని ఊళ్లలో వాటిని కుప్పపోసి తగలబెట్టారు. 1954లో అదే ఆరోపణతో మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ పుస్తకం వచ్చింది, అదే ఏడాది సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ఇళ్లలో మిగిలినవీ పోయాయి. సుమారు 2 లక్షల ప్రతులు వేశారని చెప్పే ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో ఇవాళ మిగిలినవి వంద చిల్లర ఉంటాయని అంచనా.

అయితే దాచినవాళ్లు అసలు లేరా అని అడగవచ్చు. ఉన్నారు. వాళ్లెవరో చూస్తేనే విషయం తేటపడుతుంది. కొలరాడోలో ఎడ్గర్ చర్చ్ అనే ప్రకటనల చిత్రకారుడు తన పనికి పనికొస్తాయని కామిక్స్ కొని దొంతరలుగా పేర్చిపెట్టుకున్నాడు. 1977లో చక్ రొజాన్‌స్కీ అనే వ్యాపారి ఆ దాదాపు 20 వేల పుస్తకాలను కొన్నాడు. పొడి గాలిలో, చీకట్లో, బరువు కింద అణిగి ఉండడంవల్ల అవి నిన్న అచ్చయినట్టే ఉన్నాయి. ఈ రంగంలో అంతటి పేరున్న సేకరణ మరొకటి లేదు. ఇక 2025 నవంబరులో 91 లక్షల 20 వేల డాలర్లకు అమ్ముడుపోయి అప్పటికి రికార్డు సృష్టించిన ‘సూపర్‌మన్’ మొదటి సంచిక, కాలిఫోర్నియాలో ఒక తల్లి పోయాక ఆమె ఇంటి అటక మీద, అట్టపెట్టెలో పాత వార్తాపత్రికల కింద, కొడుకులకు దొరికింది. ఒకటి పనికోసం ఉంచుకున్నది, రెండోది మరిచిపోయినది. ధర పెరుగుతుందని లెక్క వేసుకుని దాచినవి కావు.

లెక్క వేసుకుని దాచిన కాలం కూడా ఒకటి వచ్చింది. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ పాత కామిక్స్ ధరల పుస్తకం తెచ్చాక, పారేసినవాటి విలువ అందరికీ తెలిసింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి కొత్తవి కొనేవాళ్లే రేపటి ధర కోసం కొనడం మొదలుపెట్టారు. 1991లో ‘ఎక్స్-మెన్’ కొత్త వరస మొదటి సంచికకు దుకాణాల నుంచి 80 లక్షలకు పైగా ప్రతుల ఆర్డర్లు వచ్చాయి. 1992 నవంబరులో సూపర్‌మన్ చనిపోయే 75వ సంచికను నల్లటి పాలిథిన్ సంచిలో సీలు చేసి అమ్మారు. లోపల పుస్తకంతోపాటు చేతికి కట్టుకునే నల్ల పట్టీ, సంతాప వార్త, పోస్టరు, స్టాంపులు పెట్టారు. చదవడానికి ఒకటి, సంచి విప్పకుండా దాచడానికి ఒకటి అని జనం రెండేసి కొన్నారు. లక్షల నల్ల సంచులు లక్షల అలమారాల్లోకి చేరాయి. ఆ పట్టీలు ఏ చేతికీ కట్టకుండానే ముప్పై ఏళ్లు గడిచాయి. అవి ఇప్పుడు చిల్లర పైకానికే దొరుకుతాయి, ఎందుకంటే ఎవరూ పారేయలేదు. మధ్యలో వందలాది దుకాణాలు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది.

తరం పోతే గిరాకీ పోతుందన్న వాదనకు గట్టి సాక్ష్యం రాయ్ రోజర్స్, జీన్ ఆట్రీ లాంటి కౌబాయ్ హీరోల కామిక్స్. 1950ల పిల్లలకు వాళ్లంటే ప్రాణం. ఆ పిల్లలు ముసలివాళ్లయ్యేకొద్దీ ఆ పుస్తకాల గిరాకీ చల్లబడింది. కానీ ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికను 1938లో దుకాణంలో కొని చదివినవాళ్లు కూడా దాదాపు అందరూ పోయారు, దాని ధర పెరుగుతూనే ఉంది. తేడా ఏమిటంటే, రాయ్ రోజర్స్ కథ ఆగిపోయింది, సూపర్‌మన్ కథను ఇంకా ఎవరో ఒకరు చెబుతున్నారు. గిరాకీ వెనక ఉన్నది బాల్య జ్ఞాపకం ఒక్కటే అయితే అది ఒక్క తరంతో చెల్లిపోతుంది. 1947 జులైలో మద్రాసులో పుట్టిన ‘చందమామ’ తొలి సంచికలంటే మనలో చాలామంది ఇవాళ్టికీ పరవశిస్తారు. వాటిలో ఎక్కువ భాగం తూకానికి వెళ్లినవే, అరుదైనవే. అయినా ఆ పేజీలు చదవని పిల్లలకు రేపు అవి ఏమవుతాయన్నది నిజమైన దిగులు. అరుదుగా దొరకడం ఒక్కటే సరిపోదు, కథ కూడా బతికి ఉండాలి.

ధీమాగా ఉండేవాళ్లు ఇంకో మాట అంటారు: ఇప్పుడు నాణ్యతను కొలిచేవాళ్లున్నారు కదా, మోసం తగ్గింది కదా అని. 2000లో మొదలైన సీజీసీ సంస్థ పుస్తకాన్ని పరిశీలించి, పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తుంది. మరమ్మతులు, రంగు పూతలు దాగవు. కొనేవాడికి అది మేలే. కానీ ఆ కొలత వల్లే కొత్త పుస్తకాలను ఎవరూ తాకకుండా సీలు చేయించే అలవాటు పెరిగింది. వేరే అట్టతో తక్కువగా వేసే ప్రతుల సంగతీ అంతే. సంఖ్య చిన్నదే, కానీ అమ్మిన ప్రతి ఒక్కటీ భద్రంగా మిగులుతుంది. 1984లో ఇద్దరు కుర్రాళ్లు సొంతంగా మూడువేల చిల్లర ప్రతులు వేసిన ‘టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్’ మొదటి సంచికకు ఇప్పుడు వేల డాలర్లు ఇస్తారు కదా అంటారేమో. దాన్ని అప్పుడు దాచుకోవాల్సిన సరుకుగా ఎవరూ అమ్మలేదు, అదే దాని బలం. ముందే అరుదైనదని ప్రకటించి అమ్మే సరుకుకు ఆ అదృష్టం రాదు. శిఖరాన ఉన్నవాటికీ ధర ఎప్పుడూ పైకే పోతుందన్న హామీ లేదు. ప్రపంచంలో ఒక్కటే మిగిలిన బ్రిటిష్ గయానా ఒక సెంటు స్టాంపు 2014లో సుమారు 95 లక్షల డాలర్లకు, 2021లో 83 లక్షలకు అమ్ముడైంది. మామూలు స్టాంపుల ఆల్బమ్‌ల సంగతి అడగనే అక్కర్లేదు. కామిక్స్ కూడా ఆ దారినే నడుస్తాయని నా నమ్మకం: కొద్దిపాటి పాత సంచికలు చారిత్రక పత్రాల్లా నిలుస్తాయి, 1980ల తర్వాతి పెట్టెలకు పెట్టెలు కాగితం ధరకు చేరువవుతాయి.

ఈ లెక్కల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి. సూపర్‌మన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్‌లకు 1938లో ఆ పాత్ర హక్కుల కోసం దక్కింది 130 డాలర్లు. ఆ మొత్తం కూడా కలిపి ఇచ్చిన చెక్కు కాగితమే 2012లో 1 లక్షా 60 వేల డాలర్లకు వేలంలో పోయింది. వాళ్లకు కాస్త పింఛను దొరికింది 1975లో, ఎంతో పోరాటం తర్వాత. 2034 జనవరి 1న అమెరికాలో ఆ తొలి కథ మీద హక్కుల గడువు తీరుతుంది. దానివల్ల పాత ప్రతుల ధర పడిపోతుందని కొందరి భయం. ధర పలుకుతున్నది ఆ కాగితానికి, హక్కులకు కాదు, కాబట్టి ఆ భయానికి ఆధారం నాకు కనిపించదు. ఆ రోజు నుంచి ఆ పదమూడు పేజీల కథను ఎవరైనా చవగ్గా అచ్చువేసి పిల్లల చేతిలో పెట్టవచ్చు. మొదటి పేజీలోనే, బొమ్మల పైన, సీగెల్, షుస్టర్ పేర్లు ఉంటాయి.