తెగిన నీటిధార మళ్లీ అతుక్కుంటుందా?

తొలకరి పడిన వారం పది రోజులకు మోడులా నిలిచిన చెట్టు చిగురేస్తే, బతికి బట్టకట్టిందని అనుకుంటాం. కానీ చిగురు రావడం వేరు, కాండంలో నీటిదారి తెరుచుకోవడం వేరు. ఎండలకు గాలి చేరి పనికిరాకుండా పోయిన దారునాళాలు మళ్లీ నీటితో నిండుతాయా, లేక చెట్టు వాటిని వదిలేసి కొత్తవి కట్టుకుంటుందా? ఇప్పటికున్న ఆధారాలు, కొన్ని మినహాయింపులతో, రెండో జవాబు వైపే మొగ్గుతున్నాయి.

ధార ఎలా తెగుతుంది?

నీటిని పైకి తోడేది ప్రధానంగా ఆకుల లాగుడేనని 1894లో డబ్లిన్‌కు చెందిన హెన్రీ డిక్సన్, జాన్ జోలీ ప్రతిపాదించారు. ఆకుల నుంచి నీరు ఆవిరయ్యే కొద్దీ నాళాల్లోని ధార చేద తాడులా బిగుస్తుంది. నేల ఎండితే ఆ బిగువు 2 మెగాపాస్కళ్లు, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 20 రెట్లు, దాటవచ్చు. అప్పుడు పక్క నాళం నుంచి చిన్న గాలి బుడగ చొరబడినా ధార తెగి, నాళం గాలితో నిండుతుంది. దీన్నే ఎంబాలిజం అంటారు. 1966లో జాన్ మిల్‌బర్న్, జాన్సన్‌లు ఆముదం ఆకుల్లో ధారలు తెగే చప్పుళ్లను పరికరంతో వినగలిగారు.

తిరిగి నిండడం ఎందుకు కష్టమో చిన్న లెక్క చెబుతుంది. 50 మైక్రోమీటర్ల వ్యాసమున్న నాళంలో బుడగను అణిచే తలతన్యత ఒత్తిడి సుమారు 0.006 మెగాపాస్కళ్లు. 60 సెంటీమీటర్ల నీటి స్తంభం బరువు దానికి సరిపోతుంది. కాబట్టి నేల పూర్తిగా నానినా, ఆకులు లాగడం మానినా, అంతకు పైనున్న బుడగ దానంతటది అణగదు. కింది నుంచి ఎవరో తోయాలి. అదే 200 మైక్రోమీటర్ల నాళమైతే హద్దు 15 సెంటీమీటర్లే. టేకులో రుతువు మొదట ఏర్పడే నాళాలు ఇంత వెడల్పువే.

కత్తెర చేసిన మాయ

అయినా 1990లలో ఇటలీకి చెందిన సెబాస్టియానో సలేయో బృందం, ఐరోపా వంటల్లో వాడే బే ఆకు చెట్టులో, ధార బిగువుగా ఉండగానే నాళాలు నిండుతున్నట్టు చూపింది. నాళం పక్కనున్న సజీవ కణాలు చక్కెరలు వదిలి నీటిని లోపలికి రప్పిస్తాయన్నది ఒక వివరణ. కొన్ని జాతుల్లో మధ్యాహ్నం మూసుకున్న నాళాలు సాయంత్రానికే తెరుచుకుంటున్నాయన్న కొలతలూ వచ్చాయి.

2013లో వీలర్, సహచరులు కొలిచే పద్ధతినే పరీక్షకు పెట్టారు. కొమ్మను నీటిలో ముంచి కోస్తే గాలి చొరబడదని అంతవరకూ నమ్మకం. అయితే ధార బిగిసి ఉన్నప్పుడు నీటిలో కోసినా, కోత వల్లే కొన్ని జాతుల్లో నాళాలు గాలితో నిండుతున్నట్టు తేలింది. మధ్యాహ్నం కోసిన కొమ్మలో కనిపించిన అడ్డంకుల్లో కొంత భాగం కత్తెర పుట్టించినదే. బిగువు సడలాక కోస్తే అవి ఉండవు. చూసేవారికి మరమ్మతు జరిగినట్టు తోస్తుంది. గతంలో మరమ్మతు వాదాన్ని సమర్థించిన మిషెల్ హాల్‌బ్రూక్ కూడా ఈ పత్రం రచయితల్లో ఒకరు.

కోయకుండా, బతికున్న మొక్కనే ఎక్స్‌రే స్కాన్ చేసే పద్ధతి తర్వాత విస్తరించింది. 2016లో ద్రాక్షలోనూ, 2019లో రెండు ప్రజాతుల చెట్లలోనూ చేసిన అలాంటి పరిశీలనల్లో ఆ తరహా మరమ్మతు కనిపించలేదు. అలాగని తలుపు మూసుకుపోలేదు. 2010లో బ్రాడర్‌సెన్ బృందం తీసిన ద్రాక్ష స్కాన్లలో నాళం గోడల మీద నీటి బొట్లు ఊరి పెరగడం కనిపించింది. వేరు పీడనం బలంగా ఉన్న వెదురు, వసంతంలో ద్రాక్ష కింది నుంచి తోసి నింపుకోగలవు. కానీ 0.1 మెగాపాస్కల్ పీడనం నీటిని ఎత్తేది 10 మీటర్లే. ఎత్తయిన చెట్టు కొనకు అది చాలదు.

కొత్త కలప

మిగిలిన దారి కేంబియం. బెరడు కింది ఈ పలుచని పొర బతికుంటే, అది కొత్త నాళాలను పేరుస్తుంది. అందుకు చక్కెరలూ సమయమూ కావాలి. అమెరికాలో లాబ్‌లోలీ పైన్ మొక్కలపై 2019లో వచ్చిన అధ్యయనం, నీటి రవాణా సామర్థ్యం దాదాపు 80 శాతం పోయినప్పుడు చావుబతుకులు సరిసమానమవుతాయని అంచనా వేసింది. ఈ హద్దు అన్ని జాతులకూ ఒకటే అనుకోలేం. ఇక కేంబియమే లేని తాటి, కొబ్బరి చెట్లు పాత కాండానికి కొత్త నాళాలు చేర్చలేవు; ఉన్నవాటిని కాపాడుకోవడమే వాటి బతుకుదెరువు.

తీవ్ర కరువు తర్వాత 1 నుంచి 4 ఏళ్ల వరకు చెట్ల పెరుగుదల మందగించినట్టు 2015లో అండెరెగ్ బృందం వార్షిక వలయాల్లో గుర్తించింది. కారణం ఒక్క నాళాల నష్టమేనని దీన్నిబట్టి చెప్పలేం. కానీ కొత్త కలప పేర్చుకోవడానికి ఏళ్లు పడుతుందన్న మాటకు ఇది పొసగుతుంది. కాబట్టి తొలకరికి వేసిన చిగురును చూసి చెట్టు తేరుకుందనడం తొందరపాటే. అది తేలేది ఆ చిగుళ్లకు నీరందించే కొత్త వలయం ఎంత మందాన పడిందో చూశాకే.