బిళ్ళగన్నేరు నుండి శునక చికిత్స వరకు: కీమోథెరపీ చరిత్ర – తెలుగు నేల

ఉపోద్ఘాతం

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దున సింగరేణి మండల కేంద్రంగా ఉన్న కారేపల్లి వంటి ఊళ్ళలో వీధికుక్కకు ఇంటింటా ముద్ద దొరుకుతుంది. వైద్యం చేయించే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. కుక్కలకు, పిల్లులకు వాడే క్యాన్సర్ మందులలో రెండింటితో తెలుగువారికి దగ్గరి సంబంధం ఉంది. అయినా వాటి ఫలం వీధికుక్కకు అందడం కష్టసాధ్యంగానే మిగిలింది. ఈ వైరుధ్యాన్ని చారిత్రకంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సుబ్బారావు కృషి

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో బోస్టన్ చేరారు. అనంతరం లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించారు. కణవిభజనకు ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థాలు ఆయన నాయకత్వంలో తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, తాత్కాలిక ఉపశమనం లభించినట్లు 1948లో ప్రకటించారు. సుబ్బారావు ఆ ఏడాదే మరణించారు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్, కుక్కల లింఫోమాకు రూపొందిన కొన్ని చికిత్సా విధానాలలో చోటు పొందింది.

పెరటి మొక్క

బిళ్ళగన్నేరు పుట్టినిల్లు మడగాస్కర్. తెలుగు పల్లెల పెరళ్ళలో అది ఇంటి మొక్కగా స్థిరపడింది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ మధుమేహం దృష్టితో దీని ఆకులను పరీక్షించగా, తెల్ల రక్తకణాలు తగ్గుతున్నట్లు తేలింది. ఆ పరిశోధన విన్‌బ్లాస్టిన్‌కు దారితీసింది. అదే మొక్క నుండి లభించిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించింది.

శునక చికిత్స

కుక్కలలో సంపర్కం ద్వారా వ్యాపించే జననేంద్రియ కణితి, వీధికుక్కలు ఎక్కువగా ఉండే ఉష్ణదేశాలలో సాధారణం. దీనిని 1876లో రష్యా పశువైద్యుడు నోవిన్‌స్కీ ఒక కుక్క నుండి మరొక కుక్కకు నాటి చూపాడు. వ్యాపించేది వైరస్ కాదనీ, సజీవ క్యాన్సర్ కణాలేననీ 2006 నాటి జన్యు పరిశోధన నిర్ధారించింది.

లింఫోమాకు సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోలోన్ కలిపి వాడినా సాధారణంగా ఆయుష్షు పెరగడమే తప్ప వ్యాధి సమూలంగా పోవడం అరుదు. పిల్లుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కుక్కలకు ఇచ్చే సిస్‌ప్లాటిన్ వాటి ఊపిరితిత్తులలో నీరు చేర్చి ప్రాణం తీస్తుంది. ఇందుకు భిన్నంగా, జననేంద్రియ కణితి సోకిన కుక్కలలో అత్యధికం ఒక్క విన్‌క్రిస్టిన్‌తోనే కోలుకుంటాయి.

ముగింపు

అయితే ఆ మందును వారానికొకసారి, సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు సిరలోకి ఎక్కించాలి. చుక్క సిర దాటినా చుట్టుపక్కల కండ చచ్చిపోతుంది. కనుక నేర్పరి చేయి కావాలి, అదే కుక్క ప్రతి వారం తిరిగి రావాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, శస్త్రచికిత్స చేసిన వీధికుక్కను పట్టిన చోటే విడిచిపెట్టాలి. కణితి ఉన్న కుక్కకు ఆ లోపే చికిత్స పూర్తికాకపోతే, వ్యాధి దానితోపాటే వీధికి తిరిగి వస్తుంది. మందు కనుగొనడంతో చరిత్ర ముగియదు. రోగిని మళ్ళీ మళ్ళీ వైద్యుని వద్దకు చేర్చే ఏర్పాటు ఉన్నప్పుడే అది సంపూర్ణమవుతుంది. కారేపల్లి వంటి ఊళ్ళలో లోపించినది ఆ ఏర్పాటే.