ద్వారబంధము: అంగములు, చరిత్రము, పునరుద్ధరణము

గృహమునకు ముఖము ద్వారము. ద్వారమునకు ప్రాణము ద్వారబంధము. గృహస్థు శుభముహూర్తము చూచి, గడపకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, మామిడాకుల తోరణము గట్టి దానిని నిలుపుకొనును. ఆ దినమున వడ్రంగికి నూతనవస్త్రములును తాంబూలమును ఇచ్చి సత్కరించుట మన పల్లెల యాచారము. ఇంతటి గౌరవమందిన వస్తువును గూర్చిన తెలివిడి మన వృత్తివారిలోనే నానాటికి సన్నగిల్లుచున్నది. అడుగున జానెడు కొయ్య చెడినంతనే బంధమంతయు పెకలించి పారవేయుట నేడు సామాన్యమైనది. ఇది పెద్దల పద్ధతి కాదు. ద్వారబంధ మొక్క ముక్కగా పుట్టినది కాదు. విడదీయుటకును మరల కూర్చుటకును వీలుగా నిర్మింపబడిన యంగముల కూటమి. మన ప్రాంతపు చరిత్రమే దీనికి సాక్ష్యము.

సూర్యాపేట జిల్లాయందలి ఫణిగిరిలో క్రీస్తుశకపు తొలి శతాబ్దుల నాటి బౌద్ధక్షేత్రము కలదు. అచ్చట లభించిన రాతి తోరణ భాగములు 2023లో న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రదర్శింపబడి లోకమున ప్రసిద్ధి గాంచినవి. నిలువు స్తంభములపై అడ్డుదూలములను నిలిపెడి ఈ తోరణముల కూర్పు రాతివాని సొత్తు గాదు, కొయ్యవానిది. అమరావతి స్తూపపు ప్రాకారమందును స్తంభములకు బెజ్జములు తొలిచి, అడ్డుకమ్ముల కొనల నందు దూర్చిరి. దారుకర్మ ముందు పుట్టినది. శిల్పము దాని నడక నేర్చినది.

పిదప కాకతీయుల కాలమున రేచెర్ల రెడ్లు సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిలో ఆలయములు నిర్మించిరి. వానిలో ఎఱకేశ్వరాలయమును 1208లో బేతిరెడ్డి భార్య ఎఱకసాని కట్టించెను. ఆనాటి ఆలయద్వారముల యెదుట నిలిచి చూచినచో అడుగున గడప, ఇరుప్రక్కల శాఖలు, పైన ఉత్తరాశి, దాని నడుమ గజలక్ష్మి, శాఖల పాదములయందు ద్వారపాలురు కానవత్తురు. ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో ద్వారపు టెత్తు వెడల్పునకు రెట్టింపు ఉండవలెననియు, శాఖలు మూడు, ఐదు, ఏడు, తొమ్మిది ఉండుట ప్రశస్తమనియు చెప్పియున్నాడు. పేదవాని పెంకుటింటి వాకిలికిని రాజాలయ ద్వారమునకును అంగములు నాలుగే, అలంకారమే భేదము.

ఇక ఇంటి ద్వారబంధమును పరిశీలింతము. అడుగున గడప కలదు. దానియందు తొలిచిన బెజ్జములలో నిలువుకమ్ముల పాదములు నాలుకలవలె దిగియుండును. పైన అడ్డముగా ఉత్తరాశి పరుండును. దాని కొనలు కమ్ములను దాటి గోడలోనికి చొచ్చుటచే బంధము కదలకుండును. కూడలులను ఇనుపమేకులతో కాక కొయ్యచీలలతో బిగించుట పూర్వపద్ధతి. చీలను వెనుకనుండి కొట్టిన ఊడివచ్చును, కూడలి గాయపడక విడివడును. మరమ్మతు చేయబోవు మనుమని చేతికి తాత ముందుగానే దారి యుంచినాడన్నమాట. తలుపురెక్కలు మడతబందులు రాకపూర్వము తమ మొనలపైననే తిరుగుచుండెడివి. ఆ మొనకు కమ్మరి ఇనుపపొన్ను తొడిగెను. గొళ్ళెమును గడియయు కమ్మరివి, ఇత్తడి బొడిపెలు కంచరివి, రాతిగడప యున్నచో శిల్పిది, కొయ్యపని వడ్రంగిది. మన యైదు వృత్తులలో నాలుగు ఒక్క ద్వారమున చేయి కలుపుచున్నవి.

ఈ నేర్పునకు తగిన ప్రతిఫలము చిరకాలము లభింపలేదు. నిజాం రాజ్యమున వడ్రంగియు కమ్మరియు రైతులకు పనిముట్లు చేసి పంటవేళ ధాన్యము పొందుచుండిరి. కాని దొరల గడీలకు కూలి లేకయే వెట్టి చేయవలసి వచ్చెడిది. 1946 మొదలు 1951 వరకు నల్లగొండ జిల్లాయందు సాగిన రైతాంగ పోరాటమున వెట్టి నిర్మూలనము ముఖ్యమైన కోరిక. పిమ్మట 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు విడువబడెను. ఎడమకాలువ నీటితో త్రిపురారము, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిచేలతో నిండినవి. ధనము వచ్చినది, మట్టిగోడల స్థానమున సిమెంటు మేడలు లేచినవి. యంత్రమున కోసిన చట్రములును ఇనుప చట్రములును అంగడిలో సిద్ధముగా దొరకుచుండగా, పాత టేకు, వేప, నల్లతుమ్మ బంధములు వంటచెరకుగా పోయినవి, లేదా పాతవస్తువుల వర్తకుల పాలైనవి. వానితోడ పనియు పోయినది, పనితోడ మాటలును పోవుచున్నవి.

కావున పాత బంధము చెడినపుడు చేయదగిన క్రమమును ఇచ్చట వ్రాయుచున్నాను. మొదట వ్యాధి యెచ్చటనో కనుగొనవలెను. చెడునది ప్రాయికముగా గడపయు కమ్ముల పాదములును. ఏలయన తడియు చెదలును నేలనుండి పైకెక్కును. ఉలిమొనతో పొడిచి చూచిన గట్టికొయ్య ఎదిరించును, పుచ్చినది లోబడును. ముందుగా ఉత్తరాశి క్రింద బలమైన ఆనికలు నిలిపి పైగోడ బరువును వానిపై మోపవలెను. ఇది చేయక ఏ యంగమును ముట్టరాదు. కమ్మి పాదము చెడిన యెడల చెడినంతమేర ఏటవాలుగా కోసి, అదే జాతికి చెందిన, బాగుగా ఆరిన కొయ్యను అతికి చీలలు వేయవలెను. అతుకు పొడవు కమ్మి మందమునకు రెండు మూడు రెట్లకు తగ్గరాదు. గడప మార్చవలసినచో కమ్ములను పైకెత్త వీలుపడదు గనుక, క్రొత్తగడప బెజ్జములను ఒకప్రక్క తెఱచి, గడపను ప్రక్కనుండి జరిపి, తెఱపిని కొయ్యముక్కతో బిగింపవలెను. పిదప రెండు కర్ణములను త్రాటితో కొలువవలెను. అవి సమానమైనచో బంధము సరిగా నిలిచినట్లు. చెదల దారి మూయక క్రొత్తకొయ్య పెట్టుట ఓటికుండలో నీరు పోయుటయే.

ఇందులకగు కూలి క్రొత్త చట్రపు వెలకంటె ఒక్కొక్కతఱి తక్కువ, ఒక్కొక్కతఱి ఎక్కువ. అయినను ఇంటివానికి తాతనాటి టేకు మిగులును, పనివానికి అంగడి చట్రము ఈయజాలని పని దొరకును. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము పదునెనిమిది వృత్తులకు శిక్షణమును, పనిముట్లకు 15,000 రూపాయల సహాయమును ఏర్పరచినది. ఆ శిక్షణమున నూతన నిర్మాణముతో పాటు జీర్ణోద్ధారణమునకును చోటుండిన మేలు.

మాన్యులైన పోషకులకును సోదరులకును రెండు విన్నపములు. మీ గ్రామమున పాత యిల్లు విప్పుచున్నచో బంధమును గొడ్డలితో చీల్చకముందు వృత్తివారిని పిలిచి కూడలులను చూపింపుడు. వృద్ధ వడ్రంగుల నోటనున్న అంగముల పేర్లును కొలతలును యువకులు ఒక పుస్తకమున వ్రాసికొనుడు. గడప దాటని విద్య గడపతోనే చెడును. వ్రాసి పంచిన విద్య వంశములు దాటి నిలుచును.